మర్ఫీగారి ఇంటిపేరు

ఒమాన్‌లోని ఇబ్రాలో మా వీధి చివర పాలరాతి పలకలు కోసే దుకాణం ఒకటుంది. కోసేటప్పుడు రంపం మీద నీళ్లు పోస్తూనే ఉంటారు. ఆ తడిసిన రాతిపొడి వాసన సాయంత్రం పూట మా వంటింటి కిటికీలోంచి లోపలికి వస్తుంది. తడిమట్టి వాసన తగిలితే చాలామందికి చిన్నతనం గుర్తొస్తుందంటారు. నాకు తడిరాతి వాసన తగిలితే అరవయ్యేళ్ల ఐర్లండు పెద్దమనిషి గుర్తొస్తాడు. నా జ్ఞాపకాలూ నా ఉద్యోగం లాంటివే. కాస్త లోతుకి దిగగానే రాయి తగులుతుంది.

ఆయన పేరు మర్ఫీ. భూమిలో నీటిజాడ వెతికిపెట్టే కంపెనీలో నా మొదటి పై అధికారి. నేను కాకినాడలో భూగర్భజలాల చదువు పూర్తి చేసి, ఒక డిగ్రీ కాగితం, రెండు ఆవకాయ జాడీలతో ఒమాన్‌లో దిగాను. మా ఇంటిపేరు బావిశెట్టి. బావిశెట్టి వారమ్మాయి బోర్లు వేయించే ఉద్యోగంలో చేరడంలో ఉన్న తమాషా ఇక్కడ ఎవరికీ అర్థం కాదు కాబట్టి నేనే అప్పుడప్పుడు నవ్వుకునేదాన్ని. మర్ఫీ అన్న పేరు వినగానే మాత్రం మా తాతయ్యగారి పాత మర్ఫీ రేడియో గుర్తొచ్చింది. ఆ రేడియోకి ఆపే బొత్తాం ఉండేది. ఈయనకి లేదని మొదటి గంటలోనే తెలిసింది.

సైట్‌లో తొలిరోజు బోరు యంత్రం పైకి తెచ్చిన రాతిముక్క ఒకటి తీసి, ఆయన నాలుకతో తడిపి ఎండకి ఎత్తి చూశాడు. తడిస్తే రాయి అసలు రంగు చెబుతుందట. చూసి, ఆ ముక్కే నా చేతిలో పెట్టాడు.

“ఊఁ, ఇప్పుడు నువ్వు.”

“సర్, అది మీ ఎంగిలి,” అన్నాను. ఆ ఒక్క మాటా తెలుగులోనే వచ్చింది.

“ఎంగిలి అంటే?”

ఇంగ్లీషులో ఎంత తవ్వినా ఆ మాటకి జల పడలేదు. చివరికి, “ఉమ్మి కాదు సర్. ఉమ్మి తగిలాక వస్తువుకి వచ్చే హోదా,” అని చెప్పాను. ఆయన కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వి, ముక్కని తిప్పి పట్టుకుని, “అయితే ఇటువైపు నీది,” అన్నాడు. అమ్మ చూస్తే ఏమంటుందోనని వెనక్కి చూసి మరీ నాకాను. ఉప్పగా ఉంది.

ఆయన నేర్పిన పాఠాలన్నీ ఇలాగే నోటితోనే మొదలయ్యేవి. నీళ్లు పడిన చోట మేమంతా చప్పట్లు కొడుతుంటే ఆయన మాత్రం గ్లాసుడు పట్టుకుని, “ఎక్కడి నుంచి వచ్చావు తల్లీ?” అని దాన్నే అడిగేవాడు. ఇక్కడ దొరికినంత మాత్రాన ఇక్కడివి కావనీ, ఏ కొండ మీదో మన ముత్తాతల నాటి వాన ఇప్పుడు ఈ బోరులోకి వచ్చి ఉండొచ్చనీ చెప్పేవాడు. నాకు అంతకుముందు నీళ్లంటే ఎంత లోతు, ఎంత ధార అన్నంతవరకే. ఎక్కడివి అని అడగడం ఆయన దగ్గరే మొదలైంది.

ఆ అడిగే రోగం ఆయన ఇంటిపేరు మీదికి మళ్లడానికి కారణం నేనే. బర్కాలో తోటలకి పంపులు అమర్చే ఇంకో మర్ఫీ ఉండేవాడు. ఒకరోజు ఆయన మా ఆఫీసుకి ఫోన్ చేస్తే నేను తీశాను. ఒకే ఇంటిపేరు, ఒకే దేశం. మన లెక్కలో ఇంకేం కావాలి? నేను సైట్‌కి పరుగెత్తి, “సర్, మీ తమ్ముడుగారు ఫోన్ చేశారు,” అన్నాను. మర్ఫీగారు చేతిలో పని వదిలేశాడు. ముఖం పాలిపోయింది.

“నాకు తమ్ముడెక్కడున్నాడు?”

నేను విడమరిచి చెప్పాను. మా వైపు ఒకే ఇంటిపేరు వాళ్లు అన్నదమ్ముల వరస అవుతారనీ, ముఖం ఎరగకపోయినా పిల్లనివ్వరనీ. బోరు మేస్త్రీ సలీం ఈ ఊరివాడే. పక్కనే నిలబడి అంతా విన్నాడు. “మేడమ్, మర్ఫీ భీ ఖబీలా హై? తెగ పేరా? మాదీ అంతే. మా వాడలో రాయి విసిరితే తగిలేది మా చిన్నాన్న కొడుక్కే!” అన్నాడు.

మర్ఫీగారు అప్పటికి తేరుకుని బండరాయి మీద కూర్చుని తన కథ విప్పాడు. మర్ఫీ అంటే వాళ్ల పాత భాషలో సముద్రం మీద పోరాడేవాడని అర్థమట. ఐర్లండులో వీధికొక మర్ఫీ ఉంటాడట. ఆ పేరుగల మూలపురుషులు వేరువేరు చోట్ల, ఒకరికొకరు తెలియకుండానే పుట్టుకొచ్చారట. తమది కార్క్ వైపు శాఖ. బర్కా ఆయనది వెక్స్‌ఫర్డ్. “తండ్రి నుంచి కొడుక్కి మాత్రమే దిగే జన్యువు ఒకటుంది. ఇంటిపేరూ అలాగే దిగుతుంది. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే నీ తమ్ముడో కాదో తేలిపోతుంది,” అన్నాడు. సముద్రవీరుడు ఎడారిలో కూర్చుని ఉత్సాహంగా అరచేతులు రుద్దుకున్నాడు.

మర్ఫీలిద్దరూ పరీక్షకి ఉమ్మి పంపారు. నాకూ ఆశ పుట్టింది. కానీ ఆడపిల్లకి ఆ తండ్రి జన్యువు ఉండదు. పరీక్షలో కూడా ఇంటిపేరు మనది కాదన్నమాట! నాన్నని అడగాలి. ఫోన్ చేశాను.

“ఏంటే అమ్మడూ, ఎంగిలి పోస్టులో పంపమంటావా? ఆ పోస్టుమేన్ మొహం నేను మళ్లీ ఎలా చూసేది?”

“సీసాలో పెట్టి మూత బిగిస్తారు నాన్నా.”

“బిగించినా, అందులో బావిశెట్టి రాదే. తాతయ్య దత్తుడు కదా. వాళ్ల మేనమామ పెంచుకున్నాడు. పుట్టింది ఇసుకపట్ల వారింట్లో.”

ఈ సంగతి నాకు అంతవరకూ తెలియదు. దాచారని కాదు, ఎవరూ అడగలేదు. బావిశెట్టి పునాది కింద ఇసుక ఉందన్నమాట అనుకుని, ఆ పూటకి నవ్వుకుని ఊరుకున్నాను.

కొన్ని వారాల తర్వాత ఒక ఉదయం సైట్ ఆఫీసులోకి వెళ్తే మర్ఫీగారు ఫోను ముందు పెట్టుకుని మౌనంగా కూర్చున్నాడు. రేడియో ఆగిపోవడం అదే మొదటిసారి. బర్కా మర్ఫీ ఆయనకి ఏమీ కాడని తేలింది. అది అనుకున్నదే. కానీ కార్క్ మర్ఫీలు కూడా ఏమీ కారు. జన్యువు దగ్గరగా కలిసినవాళ్లంతా సలివన్ అనే ఇంటిపేరు వాళ్లు.

“తప్పు పడి ఉంటుందేమో సర్?”

“రెండోసారి కూడా చేయించాను. ఏ కరువులోనో ఒక సలివన్ల పిల్లవాడు మా ఇంట్లోకి వచ్చి ఉంటాడు. ఎవరు, ఎందుకు, ఎప్పటికీ తెలియదు.”

బాధ ఆయన ఒక్కడిదే అయితే నవ్వేసేవాడు. ఆ వేసవిలో కార్క్‌లో వాళ్ల అక్క మోరీన్ కుటుంబమంతటినీ ఒకచోట చేర్చుతోంది. ముసలి పినతండ్రులు, కొత్తగా పుట్టిన పసివాళ్లు, అందరికీ వీపు మీద ‘సముద్రవీరులు’ అని అచ్చువేయించిన చొక్కాలు. జన్యువులు తవ్విన తమ్ముడిగా ఈయనే లేచి వంశకథ చెప్పాలి. “ఒక్క ఉమ్మితో అంతమంది ఇంటిపేరు ఊడగొట్టాను, శారదా. చెబితే వాళ్లకి పేరుండదు. చెప్పకపోతే నాకు మొహం ఉండదు. సెలవు దొరకలేదని మోరీన్‌కి రాసేస్తాను.”

నాకు తెలిసిన ఒక్క సంగతీ చెప్పాను, మా తాతయ్య దత్తత గురించి. ఆయన తల ఎత్తాడు. ఇక ప్రశ్నలు మొదలయ్యాయి.

“ఆయన చనిపోయాక ఏ పేరుతో కర్మలు చేశారు?”

“పెంచిన ఇంటి పేరుతోనే సర్. గోత్రమూ అదే. తాతయ్య పెట్టిన తద్దినాలూ పెంచిన తండ్రికే.”

“మరి రక్తం? దాన్ని మరిచిపోతారా?”

“మరిచిపోరు. దత్తుడికి పుట్టిన ఇంటివైపు పిల్లని చేసుకోరు. రక్తానికి అక్కడ లెక్క. మిగిలిన అన్నిటికీ పెంచిన ఇల్లే.”

“అంటే మీవాళ్లు రెండిళ్లనీ ఉంచుకుంటారా?”

“రెండూ ఉంటాయి సర్.”

ఆయన ముఖం మీద మెల్లగా ఏదో వెలుగు వచ్చింది. “నా ఇరవయ్యేళ్ల వయసులో నోరా సలివన్ అనే పిల్ల నన్ను కాదంది. ఇన్నేళ్లూ దిగులుపడుతూనే ఉన్నాను. మీ లెక్కన ఆమె నాకు ఏమవుతుంది?”

“చెల్లెలు సర్. వరస కుదరదు. బతికిపోయారు.”

ఆ నవ్వుకి బయట యంత్రం ఆపి సలీం లోపలికి తొంగిచూశాడు.

మర్ఫీగారు వెళ్లాడు. తిరిగొచ్చిన రోజు బ్యాగు కూడా దించకుండా చెప్పుకొచ్చాడు. అందరూ కూర్చున్నాక, అచ్చేసిన చొక్కాతోనే లేచి నిలబడి ఉన్నదున్నట్టు చెప్పేశాడట. ఒక పినతండ్రి తన చొక్కా వంక చూసుకుంటున్నాడు. అప్పుడు మోరీన్ వంటింటి గుమ్మంలోంచి గరిటె పట్టుకుని వచ్చి, “అంటే ఎవరో మర్ఫీ ఒకడు పరాయి పిల్లవాడికి కంచం పెట్టాడన్నమాట. మనం ఆ కంచం వాళ్లం. ఇక కూర్చో, చారు చల్లారిపోతోంది,” అందట. ముందు పసివాళ్లు నవ్వారట, ఎందుకో తెలియకుండానే. తర్వాత పినతండ్రి లేచి, వచ్చే ఏడు సలివన్లని కూడా పిలుద్దామనీ, వాళ్లు పాటలు బాగా పాడతారనీ అన్నాడట.

“పిలిచారా సర్?” అని మరుసటి ఏడు అడిగాను.

“పిలిచాం. నోరా కూడా వచ్చింది. అన్నయ్యా అని పిలవమన్నాను. నాకు మతి పోయిందని అందరికీ చెప్పింది.”

ఆయన పదవి విరమించి కార్క్ వెళ్లిపోయాడు. నాలుగేళ్ల తర్వాత, నిద్రలోనే పోయాడని మోరీన్ రాసింది. రాతి మీద మర్ఫీ అని చెక్కించామనీ, పాట మాత్రం సలివన్లు పాడారనీ రాసింది. ఆ కబురు చదివి నేను నాన్నకి ఫోన్ చేశాను. తాతయ్య పుట్టిన ఊరు, ఆ ఇంటివాళ్లు ఇప్పుడెక్కడున్నారు, మేనమామ ఎలా తెచ్చుకున్నాడు, తాతయ్య ఏడ్చాడా అని అడిగాను. నాన్న తెలిసినంత చెప్పి, తెలియనివి పెద్దత్తని అడిగి చెబుతానన్నాడు. ఇప్పటికీ ప్రతివారం ఒక కొత్త సంగతి మోసుకొస్తాడు.

మస్కట్‌లో మనవాళ్లు కలిసినప్పుడు కొత్తవాళ్లని అడిగే మొదటి ప్రశ్న ఇంటిపేరే. నేనూ అదే అడిగేదాన్ని. వినగానే ఏ ఊరో, ఎవరివాళ్లో మనసులోనే తేల్చేసేదాన్ని. ఇప్పుడు, “మిమ్మల్ని పెంచిందెవరు?” అని అడుగుతున్నాను. కొందరు నవ్వేసి, అమ్మానాన్నలే కదండీ అంటారు. మొన్న మా ఆఫీసులో కొత్తగా చేరిన కడప అమ్మాయిని కూడా అడిగాను. ఆమె, “మా మేనత్త, మేడమ్. ఎవ్వురూ అడగల్యా ఇంతవరకూ,” అని కుర్చీ దగ్గరికి లాక్కుంది.