ముక్కలు వాళ్ళకు, చారు నాకు

ఆ రోజు రుబ్బురోలు ముందు కూర్చుని దోసెపిండి రుబ్బుతున్నాను. దగ్గు తెర పట్టుకుంది. అప్పటికే చాలా రోజులుగా దగ్గుతున్నాను. సాయంత్రమైతే ఒళ్ళు వెచ్చబడేది, రవికెలు వదులైపోయాయి. పనిలో పడి ఏదీ పట్టించుకోలేదు. ఆ రోజు మాత్రం నోటికి అడ్డం పెట్టుకున్న కొంగు తీసి చూస్తే ఎర్రగా ఉంది. మా అత్త వచ్చింది. నా ముఖం చూడలేదు, రోలు చూసింది.

"పిండిలో పడిందా మే?" అని అడిగింది.

ఇన్నేళ్ళయినా ఆ మాట గుర్తొస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

మాది చిత్తూరు. ఇది పది పన్నెండేళ్ళ కిందటి మాట, డెబ్బయిల చివర. మా ఆయన బెల్లం మండీలో తూకం వేసేవాడు. ఇంట్లో ఆయన, ఇద్దరు మరుదులు, అత్త, నేను, అప్పుడప్పుడే మాటలు నేర్చిన మా పాప. ఆదివారం వచ్చిందంటే పొట్టేలు మాంసం ఉండాల్సిందే. కడిగేది నేను, మసాలా నూరేది నేను, పొగలో కళ్ళు మండుతుంటే వండేది నేను. మగవాళ్ళు తిన్నాక అత్త, అత్త తిన్నాక నేను. నా వంతు వచ్చేసరికి సట్టి అడుగున ఇంత పులుసు, నాకినా ఏమీ రాని ఎముకలు. ఆ పులుసులో సంగటి అద్దుకుని తినేదాన్ని. అది అన్యాయమని కూడా అప్పట్లో తోచలేదు, మా అమ్మ కూడా అట్లాగే తిన్నది.

తిరుపతి పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. ఎక్స్‌రే తీశారు, కఫం పట్టి స్పుటమ్ పరీక్ష చేశారు. డాక్టరు ఎక్స్‌రేను వెలుతురుకు పట్టి చూశాడు. "కుడి లంగ్‌లో షాడో ఉంది. టీబీ. నయమవుతుంది, భయపడొద్దు. కానీ మందు మధ్యలో ఆపితే నేను బాధ్యుణ్ణి కాదు" అన్నాడు. స్ట్రెప్టోమైసిన్ ఇంజక్షన్లు, ఐఎన్‌హెచ్ మాత్రలు రాశాడు. వెయిట్ బాగా తక్కువగా ఉందని, మాంసం, గుడ్లు, పాలు తప్పకుండా తినాలని చెప్పాడు. గిన్నెలు వేరు చెయ్యాలా అని మా ఆయన అడిగితే, ఇది దగ్గు వల్ల అంటుకుంటుంది గానీ గిన్నెల వల్ల కాదని, నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని గాలి ఆడే చోట పడుకుంటే చాలని అన్నాడు.

అన్ని మాటల్లో మా వాళ్ళకు గాలి ఆడే చోటు ఒక్కటే వినపడింది. పెరట్లో కట్టెలు వేసుకునే రేకుల కొట్టంలో నాకు మంచం వేశారు. కంచం వేరు, చెంబు వేరు. పాపను నా దగ్గరికి రానివ్వలేదు. దగ్గు తగ్గేదాకా బిడ్డ దూరంగా ఉండటం మంచిదని నాకూ తెలుసు. కానీ వచ్చిన ప్రతివాళ్ళకూ కొట్టం వైపు వేలు చూపించి చెప్పాల్సిన పని ఏముంది?

ఇక మాంసం సంగతి. ఆదివారం అత్త నా గిన్నెలో చారు పోసి పోయేది. పైన కాస్త నూనె, అడుగున ధనియాల పొడి. ముక్క ఏదని అడిగితే, "సత్తువంతా నీళ్ళలోకే దిగతాది. ముక్కలు నీకు అరగవు" అన్నది. మా ఆయన పక్కనే ఉన్నాడు. దున్నపోతు మీద వాన పడ్డట్టు నిలబడ్డాడు.

ఇంజక్షన్లకు చెవుల్లో హోరు, మాత్రలకు వాంతులు. మళ్ళీ తిరుపతికి చూపించుకోవడానికి పోతే వెయిట్ పెరగకపోగా ఇంకా తగ్గింది. డాక్టరుకు కోపం వచ్చింది. మాంసం చారు తాగుతున్నానని చెప్పాను.

"చారు తాగితే కండ పట్టదమ్మా. ప్రోటీన్ ఉండేది ముక్కలో. ఆ ముక్కలు ఎవరు తింటున్నారు?" అన్నాడు.

అడిగింది నన్ను, చూసింది మా ఆయన్ని. ఆయన తల వంచి తన చెప్పులు చూసుకున్నాడు.

ఈ సంగతి పుత్తూరు పక్క పల్లెలో ఉన్న మా నాయనకు కబురు పెట్టాను. ఆ వారమే మాంసం, నల్లి ఎముకలు ఆకులో చుట్టి తీసుకుని బస్సెక్కి వచ్చేశాడు. పెరట్లో తానే వండి పెడతానన్నాడు. అత్త ఇంటి సట్టి ఇవ్వనన్నది, మైలపడుతుందట. కొత్తది తెస్తానంటే, పుట్టింటివాళ్ళు తెచ్చిస్తే మాకు తలవంపులు అన్నది. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు. చివరికి ఆమెకే ఒకటి తట్టింది.

"అటక మీద ఆ పేలే సట్టి ఉండాది కదా, అది ఇయ్యండి దానికి" అన్నది.

అది నా పెళ్ళికి మా మేనమామ ఇచ్చిన ప్రెషర్ కుక్కర్. పేలి ఇల్లు కూలుతుందని, ఈల వేసినప్పుడల్లా కూటిలో సత్తువ ఆవిరై పోతుందని అత్త దాన్ని ఒక్కసారి కూడా పొయ్యెక్కనివ్వలేదు. ఇంటికి పనికిరాని మనిషికి ఇంటికి పనికిరాని పాత్ర.

నాకూ నాయనకూ దాని సంగతి ఏమీ తెలియదు. నాయన జాతరల్లో గుండిగలకు గుండిగలు వండినవాడు, కట్టెల మంట తెలుసు గానీ ఇది తెలియదు. ఎముకల చారు కదా, నీళ్ళు ఎక్కువ ఉండాలని అంచుదాకా పోశాడు. కిరసనాయిలు స్టవ్వు మీద పెట్టి, మూత మీద ఈల వేసే వెయిట్ తగిలించాం. కాసేపటికి ఈల రాలేదు సరికదా, పసుపు నీళ్ళు కొట్టం రేకులదాకా ఎగజిమ్మాయి. నాయన చేతి మీద బొబ్బలు లేచాయి. "సెప్తే ఇన్నారా" అని అత్త లోపలి నుంచి తలుపు గడియ వేసుకుంది.

మేము మానలేదు. నాయన వారం వారం మాంసం తీసుకుని బస్సెక్కి వచ్చేవాడు. చెడగొట్టి చెడగొట్టి నేర్చుకున్నాం. సగానికి మించి నింపకూడదు. ముందు మూత లేకుండా మరగనిచ్చి, పైకి తేలిన నురగ తీసేయాలి, లేకపోతే అదే పోయి వెయిట్ కింద రంధ్రానికి అడ్డం పడుతుంది. ఆ తర్వాత అల్లం, మిరియాలు, ధనియాలు, ఎర్రగడ్డలు వేసి మూత బిగించాలి. ఈల వచ్చాక మంట తగ్గించి, ముక్క ముదురో లేతో చూసుకుని ఉంచాలి. ఆర్పిన తరువాత ఎంత ఆకలేసినా వెయిట్ ఎత్తకూడదు, లోపలి ఆవిరి దానంతట అది అణగాలి. నేను మంచం మీద నుంచి చెప్పేదాన్ని, నాయన చేసేవాడు. ఓపిక వచ్చేకొద్దీ నేనే చేసుకున్నాను.

కుదిరిన రోజు ముక్క ఎముకను వదిలి విడిపోయింది. నమలాల్సిన పని కూడా లేదు. నాయన గిన్నె నిండా ముక్కలే పెట్టాడు.

"తిను అమ్మీ. ఈడ నీకంటే ముందు తినేవాళ్ళు ఎవురూ లేరు" అన్నాడు.

నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆ వాసనకు మరుదులు పెరటి వాకిట్లో తచ్చాడేవాళ్ళు గానీ అడగలేకపోయారు, టీబీ సట్టిలో కూడు కదా. ఆ ఇంట్లో నా వంతు మాంసం నాకు దక్కాలంటే నేను రక్తం కక్కాల్సి వచ్చింది. ఇంతకంటే సిగ్గుమాలిన సంగతి ఉంటుందా?

మందులు ఏడాదికి పైగా వాడాను. వాంతులు తగ్గాయి, వెయిట్ పెరిగింది. జబ్బును చంపింది మందే, కానీ మందును తట్టుకునే బలం తిండి ఇచ్చిందని డాక్టరు చెప్పాడు. చివరిసారి పోయినప్పుడు, "స్పుటమ్ నెగెటివ్. ఎక్స్‌రేలో మచ్చ ఉంటుంది, దానికి భయం లేదు. ఇక అందరిలాగే ఉండొచ్చు" అన్నాడు.

అందరిలాగే ఇంట్లోకి వచ్చాను. ఆ ఆదివారమే అత్త కుక్కర్ లోపలికి తెమ్మన్నది. తనకు పండ్లు కదులుతున్నాయట, దాంట్లో అయితే మాంసం మెత్తగా ఉడుకుతుందట. ఆవిరిలో సత్తువ పోతుందన్న మాట ఎటు పోయిందో మరి. తెచ్చి వండాను. మగవాళ్ళు వరసగా కూర్చున్నారు. మూత తీశాను. గరిటె అత్త చేతికి ఇవ్వలేదు. రెండు గిన్నెల్లో ముక్కలు వేసి, ఒకటి పాప ముందు పెట్టి, ఒకటి నా పక్కన పెట్టుకున్నాను.

"మొగోళ్ళు ఇంకా తినలేదు మే" అన్నది అత్త.

"వాళ్ళు ముందు తినే కదత్తా నేను కొట్టంలో పండుకునింది. ఇంక మీద మేము తీసుకున్నాకే వాళ్ళకు" అన్నాను.

మా ఆయన కంచం కాస్త ముందుకు జరిపి, నేను వడ్డించేదాకా ఎదురు చూశాడు. కూటి కోసం ఆయన ఎదురు చూడటం నేను చూసింది అదే మొదలు.

ఇప్పుడు పాప హైస్కూలుకు పోతోంది. కుక్కర్‌కు రబ్బరు మార్చాను, పిడి మార్చాను, గిన్నె అదే. అత్త మంచాన పడింది. ఆమెకూ అందులోనే వండి, ముక్కలు మెత్తగా చిదిపి పెడతాను. జాలిపడి కాదు, కోపం తగ్గీ కాదు. నాకు చేసిన పని ఇంకొకరికి నేను చెయ్యను, అంతే.

చదివే ఆడవాళ్ళకు ఒక్కటి చెబుతాను. మాంసం తినమని డాక్టరు చెప్పింది మీకే అయితే, కుక్కర్ మూత తీయగానే ముందు మీ గిన్నెలో ముక్కలు వేసుకోండి. ఆ తర్వాత అందరినీ భోజనానికి పిలవండి.