మంచాల సెట్టి పాత అంగట్లో ఆఖరి శుక్రవారం

గురువారం దీపాలు పెట్టే వేళకు ప్రొద్దుటూరు నుంచి సెట్టి ఫోన్ చేశాడు.

"అమ్మా, రేపు సాయంత్రానికి పాత అంగడి మూసేస్తాండాం. శనివారం నుంచి మెయిన్ రోడ్డులో కొత్త షోరూము. మీ మనవరాలి బొట్టు పాతదాంట్లోనే చేపియ్యాల అంటివి గదా. వస్తే రేపే రాండి."

ఇంక నాకు కాలు ఒకచోట నిలిస్తే ఒట్టు. మా ఇంట్లో ఆడపిల్ల పెళ్ళంటే పుట్టింటి తాళిబొట్టు ఆ అంగట్లోనే చేయించాలి. మా అమ్మది అక్కడే, నాది అక్కడే, మా చెల్లెలు లక్షుమ్మది అక్కడే. పెళ్ళికూతురు ఆ గదిలో తెల్లపరుపు మీద కూర్చుని, మూసలో ఉన్న బంగారం మీద తన చేత్తో చిటికెడు పసుపు వేస్తుంది. అప్పుడు గానీ కంసాలి ఆచారి కుంపటి ఊదడు. ఇప్పుడు నా కొడుకు కూతురు భవాని వంతు వచ్చింది. మా అమ్మ మెడలోని బంగారు గుండ్లు కరిగించి దానికి బొట్టు చేయించాలని నా కోరిక. ఆ గుండ్లేమో జమ్మలమడుగులో లక్షుమ్మ దగ్గర ఉన్నాయి.

పొద్దున ఆరున్నరకు నేనూ భవానీ పులివెందుల బస్టాండులో ముద్దనూరు మీదుగా జమ్మలమడుగు పోయే బస్సు ఎక్కాము. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్ళకు సున్నా టికెట్టు ఇస్తున్నారు కాబట్టి బస్సు నిండా ఆడవాళ్ళే. కార్డు మరిచిపోకండి. పక్క సీట్లో సింహాద్రిపురం ఆమె కూర్చుంది. మా హడావిడి చూసి, "పెండ్లి బంగారుకా? ఏ అంగడికి?" అని అడిగింది.

"మంచాల సెట్టి బంగారంగడికి."

"అయ్యో, మా బీరువా ఆడిదే! శనివారం పోతిమి, బీరువాలన్నిటికీ గుడ్డ కప్పి పెట్టిండ్రి. ఇనుము ఈపొద్దు అమ్మం, రేపు రాండి అనిరి. యాపారం వదులుకునేవోణ్ణి ఆడనే చూస్తి."

జమ్మలమడుగులో దిగేసరికి తొమ్మిది కావస్తోంది. బస్టాండు ఎదురుగా బొరుగుల ఉగ్గాని, బజ్జీ ప్లేటు నలభై రూపాయలు. బజ్జీ వేడివేడిగా నూనెలోంచి తీసి ఇచ్చాడు. తిని ఆటోలో లక్షుమ్మ ఇంటికి పోయాము. ఆమె అప్పుడే తలంటుకుని గడపకు పసుపు రాస్తోంది. సంగతి చెప్పగానే చెయ్యి ఆపింది.

"ఈపొద్దు ఏం వారమో తెల్దామే నీకు? శుక్రవారం బంగారు గడప దాటియ్యను."

"ఈపొద్దు దాటిపోతే ఆ అంగడే ఉండదు గదమే!"

"ఉండకపోతే పోనీ. అమ్మ గుండ్లు నేను ఇయ్యనంటినా? శుక్రవారం ఇయ్యనంటి."

నేను గుమ్మంలో కూలబడ్డాను. భవాని తన చిన్నజేజి లక్షుమ్మ ముఖమూ నా ముఖమూ మార్చి మార్చి చూస్తోంది. అప్పుడు తట్టింది నాకు. "నువ్వు మెళ్ళో ఏసుకోని రా. గడప దాటేది నువ్వు. నీ వెంట అది వస్తాది, అంతే" అన్నాను. లక్షుమ్మ పసుపు చేతులు కడుక్కుంది. లోపలికి పోయి పట్టుచీర కట్టుకుని, గుండ్లదండ మెళ్ళో వేసుకుని, పైట నిండుగా కప్పుకుని వచ్చింది. ప్రొద్దుటూరు బస్సులో కూర్చున్నంతసేపూ ఆ పైట మీదినుంచి చెయ్యి తియ్యలేదు.

పదకొండున్నరకు బజార్లో దిగాము. అంగడి ముందు వ్యాను నిలబెట్టి మంచాలూ పరుపులూ ఎక్కిస్తున్నారు. కింది గదిలో మాత్రం ఏమీ కదల్లేదు. తెల్లపరుపు, త్రాసు, మూలన కుంపటి దగ్గర ఆచారి, అన్నీ ఉన్నాయి. సెట్టికి యాభై దాటి ఉంటాయి. అంగడి పెట్టిన పెద్దసెట్టికి మనవడు. ఎదురొచ్చి కూర్చోబెట్టి మజ్జిగ తెప్పించాడు. గుండ్లు కరిగించాలని నేను అనేసరికి నాలుక కరుచుకున్నాడు.

"శుక్రవారం పాత బంగారు తీసుకోం గదమ్మా. పాతది కరిగించం కూడా. తాత పెట్టిన కట్టుబాటు. ఆఖరిరోజు తప్పమంటావా?"

ఇన్నేళ్ళుగా ఎరిగిన అంగడి, ఆ కట్టుబాటు నాకు తెలియనిదా! బయలుదేరే సంబరంలో బుర్రకెక్కలేదు. లక్షుమ్మ మాత్రం మజ్జిగ గ్లాసు కింద పెట్టి, "చెప్తి గదామే! నాది చాదస్తమనుకుంటివే" అని వెలిగిపోయింది. భవాని ముఖం చిన్నబోయింది. చివరికి కొత్త బంగారంతోనే బొట్టు చేయడానికి ఒప్పుకున్నాను. రేటు విని మజ్జిగ ఇంకో గ్లాసు అడిగాను.

భవాని పరుపు మీద కూర్చుని పసుపు వేసింది. ఆచారి కుంపటి ఊదాడు. బొట్టు తయారయ్యేలోపల పైఅంతస్తు చూద్దామని సెట్టి మమ్మల్ని మిద్దెక్కించాడు. బంగారంగట్లో మంచాలేంటని భవాని అడిగింది. సెట్టి హుషారుగా మొదలుపెట్టాడు.

"మా తాత మద్రాసు పోయినాడు పాపా. ఆడ పెద్దపెద్ద అంగళ్ళలో బంగారు ఒకతట్టు, మంచాలు ఒకతట్టు చూసినాడు. వచ్చి ఈడ పెట్టినాడు."

"యాడ మద్రాసు!" లక్షుమ్మ గొంతు మిద్దె అదిరేలా లేచింది. "అది నేను పండుకున్న మంచం!"

నేను నోరు తెరిచి చూశాను. నా పెళ్ళి బంగారానికి మా నాయన కొండాపురం తట్టు పల్లె నుంచి మమ్మల్ని ఇక్కడికి తెచ్చినప్పుడు లక్షుమ్మ చిన్నపిల్ల. వెనకగదిలో పెద్దసెట్టి మధ్యాహ్నం నడుము వాల్చే టేకుమంచం ఉండేది. ఈ లక్షుమ్మ దానిమీద ఎక్కి నిద్రపోయింది. లేపితే మంచంకోళ్ళు పట్టుకుని ఏడుపు. పెద్దసెట్టి భార్య, "పెండ్లి ఇల్లు గదా, మంచం కూడా కట్టి పంపియ్యండి" అనేసింది. ఆ మంచం బస్సు టాపు మీద మా ఊరికి వచ్చింది. చూసినవాళ్ళంతా అట్లాంటిది కావాలని సెట్టి దగ్గరికి పోసాగారు. వెనకాల వడ్రంగిని పెట్టాడు, ఆ తర్వాత బీరువాలు తెచ్చాడు. గండికోట నీళ్ళకు మా పల్లెలు ఖాళీ అయి జనం కాలనీలకు చేరినప్పుడు కొత్త ఇళ్ళకు సామాన్లు ఇక్కడినుంచే పోయాయి. ఈ కథ నేను ఎన్నిసార్లు మొదలుపెట్టినా, "నేను నిద్రపోలా, నాకు జరం" అని కొట్టిపారేసేది లక్షుమ్మ. మద్రాసు పేరు వినేసరికి తానే ఒప్పేసుకుంది!

సెట్టి నడుం పట్టుకుని నవ్వాడు. "అట్లయితే ఈ మంచాల యాపారం పెట్టింది నువ్వేనాక్కా! మా తాత వట్టి బంగారు సెట్టిగానే పోయేవోడు."

లక్షుమ్మ సిగ్గుపడింది. మెట్లు దిగి తెల్లపరుపు అంచున కూర్చుంది. ఆచారి అప్పుడే బొట్టు కడిగి తమలపాకులో పెట్టి భవాని ముందుంచాడు. పచ్చగా మెరుస్తోంది. లక్షుమ్మ దాన్ని చాలాసేపు చూసింది. పైట తీసింది. దండ మెళ్ళోంచి తీసి, ముడి తనే విప్పి, అందులో ఉన్న నాలుగు గుండ్లూ అరచేతిలోకి దొర్లించింది.

"దారం తేప్పా ఆచారీ. బొట్టుకు ఆతట్టు రెండు, ఈతట్టు రెండు. కరిగిచ్చేది ల్యా. మా అమ్మ మెళ్ళో ఎట్లుండెనో అట్లనే ఉండల్ల."

"శుక్రవారం గదమే!" అన్నాను, ఊరుకోలేక.

"ఇంటి పిల్ల మెడకు పోతే పోయినట్లా? నోర్ముయ్."

గుండ్లు కరగడమే ఇష్టం లేక పొద్దుటినుంచీ పైట పట్టుకుని ఉందని నాకప్పుడు అర్థమైంది. తనే గుచ్చింది. సూది కనబడక రెండుసార్లు తప్పింది గానీ భవానిని చెయ్యి వేయనివ్వలేదు.

బజారు వెనక మెస్సులో రాగిసంగటి, పప్పు, చెనిక్కాయల చట్నీతో భోజనం చేసి, నాలుగు గంటల బస్సు ఎక్కాము. జమ్మలమడుగు దాటి పులివెందులకే పోయే బస్సు. బొట్టు డబ్బా ఉన్న సంచి భవాని ఒళ్ళో ఉంది, లక్షుమ్మ చెయ్యి ఆ సంచి మీద ఉంది. జమ్మలమడుగు వచ్చింది. కండక్టరు కేక వేశాడు.

"అవ్వా, మీ ఊరొచ్చె, దిగల్ల!"

"నాకు పులివెందులకు కొట్టు నాయనా."

"ఏందిమే, మారుచీర కూడా తేలా గదమే?" అన్నాను.

"గుండ్లు యాడికి పోతే నేనూ ఆడికే. శుక్రవారం విడిచి ఉండను. రేపు శనివారం గదా, అప్పుడు ఇంటికి పోతాలే" అని కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

ముద్దనూరు దాటేసరికి సంచి మీద చెయ్యి వేసుకునే నిద్రపోయింది. ఆ పాత గది రేపటినుంచి ఉండదు. ఉన్నంతకాలం అది ఎలా నడిచిందో మాత్రం ఆఖరిరోజున కూర్చుని చూసి వచ్చాము. బస్సు కుదుపుకు సంచి జారబోతే నిద్రలోనే ఇంకా గట్టిగా పట్టుకుంది లక్షుమ్మ. భవాని కదలకుండా కూర్చుంది, మేము ఇల్లు చేరేదాకా.