గోల్‌కీపర్ చెయ్యి ఎప్పుడు విరిగింది?

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఒక్కటీ ఉండేది కాదు. ఆ తెలివంతా తర్వాత ఎటు పోయిందో ఇప్పటికీ అర్థం కాదు. దూరవిద్యలో తెలుగు ఎం.ఏ. పూర్తిచేసి, ఛత్తీస్‌గఢ్‌లోని బచేలీ ఇనుపగని టౌన్‌షిప్‌లో నాన్న క్వార్టర్‌లో కూర్చుని, కనపడ్డ ప్రతి రాతకీ ‘ఇది ఫలానా ధోరణి’ అని పేరు పెట్టేదాన్ని. (పక్కింటి పిన్ని వాళ్ళ అబ్బాయి శుభలేఖ చూపిస్తే ‘భావకవిత్వపు ఛాయలున్నాయి’ అన్నాను. ఆవిడ మళ్ళీ నాకేదీ చూపించలేదు.)

మా తెలుగువాళ్ళ సంఘం గదిలో ఒక ఇనుప బీరువా నిండా పుస్తకాలుండేవి. ఆ బీరువా తాళంచెవి కావాలని నాకు ప్రాణం కొట్టుకుపోయేది. జీతం లేకపోతే పోయింది, ‘లైబ్రేరియన్ గారూ’ అని ఒక్కరు పిలిస్తే చాలు, జన్మ తరించినట్టే! గనిలో నాన్నతో పనిచేసే బాబాయి సంఘానికి కార్యదర్శి. ఆయన్ని అడిగితే, “ఆదివారం సభలో మన బీరువాలో ఉన్న పిల్లల ఫుట్‌బాల్ జట్టు నవల మీద మాట్లాడమ్మా. అది హాస్యమో, విషాదమో, ఏ రకమో తేల్చి చెప్పు. బాగుంటే తాళంచెవి అక్కడే నీ చేతిలో పెడతా” అన్నారు.

ఆ నవల ఒక్కటే ప్రతి. గనిలో మూడు షిఫ్టులు. అందరికీ అందాలని బాబాయే దాన్ని మూడు ముక్కలు చేయించి బజారులో జిరాక్స్ కొట్టు వాడికి బైండింగుకి ఇచ్చారు. పాపం అతనికి తెలుగు అక్షరం రాదు. అంచులు అందంగా కత్తిరించాడు, పేజీల అంకెలు కూడా ఆ అంచులతోనే పోయాయి. అధ్యాయాలకి ఎలాగూ అంకెల్లేవు. మూడింటికీ నీలం అట్టలేసి, తనకి తోచినట్టు 1, 2, 3 అని వేశాడు. షిఫ్టులవాళ్ళు చాలామంది చేతికందిన ఒక్క భాగంతోనే సరిపెట్టుకున్నారు కాబట్టి ఎవరికీ ఏ ఇబ్బందీ కలగలేదు.

నేను మాత్రం మూడూ ఒక్క మధ్యాహ్నంలో మింగేశాను. మొదటి భాగంలో జట్టు తయారవుతుంది. రెండో దాంట్లో గోల్‌కీపర్ కట్టుకట్టిన చెయ్యి మెడకి వేలాడేసుకుని గీత అవతల కూర్చుంటాడు, జట్టు ఫైనల్లో ఓడిపోతుంది. మూడో దాంట్లో శుభ్రంగా రెండు చేతులతో ప్రాక్టీసు చేస్తుంటాడు, చివరి పేజీలో చెయ్యి విరుగుతుంది. అంతే, కథ అయిపోయింది! ఎంత గొప్ప ముగింపో అని నాకు ఒళ్ళు గగుర్పొడిచింది.

సభలో ఇరవై నిమిషాలు ఊదరగొట్టాను. “ఇది విషాద నవల. చైతన్య స్రవంతి పద్ధతిలో కాలం వెనక్కి ప్రవహిస్తుంది. చివర్లో విరిగే ఆ చెయ్యి మానని గాయానికి ప్రతీక” అన్నాను. చప్పట్లు కొట్టారు. బాబాయి జేబులో చెయ్యి పెట్టారు, తాళంచెవి గలగల కూడా వినిపించింది.

అప్పుడు వెనక కుర్చీలోంచి క్యాంటీన్ అక్క లేచింది. తెలంగాణ సరిహద్దు పక్కనున్న తర్లగూడ నుంచి వచ్చి క్యాంటీన్‌లో వంట చేసే మనిషి. చదివింది హిందీ బడిలో అయిదు దాకా. నలభై దాటాక కూడబలుక్కుంటూ తెలుగు చదవడం నేర్చుకుంది.

“చెల్లె, ఒక మాట అడుగుత, ఏమనుకోకు. కట్టు ముందుగాల కట్టినంక చెయ్యి ఎనక ఇరుగుతదా ఏంది?”

“అది చైతన్య స్రవంతి అక్కా. అందులో కాలం అటూ ఇటూ పోతుంది” అన్నాను జాలిగా.

“కాలం పోతదేమో గని, చేతికున్న ప్లాస్టర్ యాడికి పోతది? నాకు సమజ్ గాక, మూడోది ముందుగాల సదివి రెండోది ఆఖరుకు సదివిన. అంత సక్కగనే ఉన్నది.”

బాబాయి మూడు భాగాలూ ముందేసుకుని తిరగేశారు. తల పైకెత్తలేదు గాని భుజాలు అదురుతున్నాయి. తర్వాత గదంతా పగలబడి నవ్వింది. భూమి బద్దలై నన్ను మింగేస్తే బాగుండును అనుకున్నాను. ఏడుపొచ్చేసింది.

“మరి ఏ రకం నవలంటావమ్మా?” అని బాబాయి అక్కని అడిగారు.

“రకాలు నాకేం ఎర్క సార్? నాకైతే నవ్వొచ్చింది. ఫైనల్ల ఓడిపోయిండ్రు, అయినా బస్సుల పాటలు పాడుకుంట ఇంటికి పోయిండ్రు. చెల్లె మంచిగనే చెప్పింది, గల్తీ ఆ అట్టలేసినాయనది” అంది.

తాళంచెవి అక్క చేతికి వెళ్ళింది. వెళ్ళాల్సిందే కదా. నేను తల దించుకుని మెట్లు దిగుతుంటే వెనకనుంచి వచ్చి చెయ్యి పట్టుకుంది. “నాకు సాయంత్రం దాక క్యాంటీన్ల పనే. బీరువ నువ్వే తెరువు, నేనొచ్చి మూస్త. గని ముందుగాల ఆ మూడు బుక్కుల నంబర్లు సరిజెయ్యి” అంటూ తాళంచెవి నా గుప్పిట్లో పెట్టింది. ఆ రోజు నాకు పాటలు రాలేదు, ముక్కు చీదుకుంటూ ఇంటికి నడిచాను.

ఇప్పుడు పత్రికలకి సమీక్షలు రాస్తుంటాను. ఏ నవలలోనైనా కాలం వెనక్కి నడిస్తే ముందు పేజీల అంకెలు చూసుకుంటాను. అక్క అన్న బస్సు పాటల మాట నాకు ఎక్కడానికి మాత్రం చాలా ఏళ్ళు పట్టింది. ఆ రోజు ముక్కు చీదుకుంటూ ఇంటికి నడిచిన పిల్ల ఇవాళ ఎదురుపడితే, పక్కన నడుస్తూ ఒక పాట నేనే మొదలుపెడతాను.