బాలింతకు గాలి తగలకుండా

మొన్న నా మనవరాలు చంటిబిడ్డతో బెంగుళూరు ప్రయాణం పెట్టుకుని, కారు అద్దాలకు నల్లటి తెరలు, మెడ కిందికి దిండ్లు, సీటు మీదికి మెత్తటి దుప్పటి అన్నీ సర్దుకుని, ఎంత హాయిగా ఉందో చూడవ్వా అని నన్ను పిలిచింది. బాగుందమ్మా, ఆ అద్దం మాత్రం కాస్త దించిపెట్టుకో అన్నాను. ఏసీ ఉండగా అద్దం ఎందుకు దించాలని నవ్వింది. నవ్వనీ, దానికేం తెలుసు. కారులో హాయి అంటే నాకెందుకు భయమో నా ఈడు వాళ్ళకైతే చెప్పుకోవచ్చు.

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో పెట్రోలు కరువై, కార్లున్న వాళ్ళంతా బండి వెనక ఒక ఇనుప పీపా తగిలించుకుని, అందులో బొగ్గులు మండించి, దాంట్లోంచి వచ్చే ఆవిరిలాంటి వాయువుతోనే బండి నడిపేవాళ్ళు, మీలో కొందరికైనా గుర్తుండే ఉంటుంది. మా నాయన చిత్తూరు కోర్టులో వకీలు. ఆయన గుడ్డ టాపు కారుకూ అలాంటి పీపా ఒకటి వచ్చి చేరింది. అది రాజుకుని బండి కదిలేసరికి ఇంటిల్లిపాదికీ మసి పట్టేది. వెనక పొయ్యి కట్టుకుని ఊరేగుతాడని వీధివాళ్ళు ఎగతాళి చేసినా, నాయన మాత్రం దాన్ని కొత్తల్లుణ్ణి చూసుకున్నట్టు చూసుకునేవాడు.

ఆ ఏడే మా అక్క తొలికాన్పుకు వచ్చి ఆడపిల్లను కన్నది. మూడో నెలలో ఇద్దరినీ కోలారులోని అత్తగారింటికి చేర్చాలి. బాలింతకు గాలి తగిలితే సన్నిపాత జ్వరం వచ్చి పోవడమేనని మా అమ్మ నమ్మకం. తన చెల్లెలు బాలింతగా ఉండగానే పోయింది, కిటికీ తెరిచి పడుకోబట్టే పోయిందని ఇంట్లో అందరూ అనుకునేవాళ్ళు. అందుకని ప్రయాణానికి ముందు అమ్మ ఆ కారు మీద పడింది. గుడ్డ టాపు బండికి అద్దాలుండవు కదా, పక్కలకు జంపకానాలు బిగించింది, వెనక సీటు మీద బూరుగుదూది పరుపు వేయించింది, చినిగినచోటల్లా పాత చీరపేలికలు కూరింది, ముందు సీటుకూ వెనక సీటుకూ మధ్య మందపాటి దుప్పటి వేలాడదీసింది. అంతా అయ్యాక లోపలికి తొంగి చూస్తే పురిటిగదిలాగే ఉంది. నాయన కూడా ఇంత సుఖం జమీందార్లకైనా ఉంటుందా అని మురిసిపోయాడు. పొగవాసన కొంచెం వస్తోందని నేనంటే ఎవరూ పట్టించుకోలేదు. బాలింతకు రోజూ సాంబ్రాణి పొగ పట్టే ఇల్లు మాది. మాకు పొగంటే భయం లేదు, భయమంతా గాలికే.

తెల్లవారాక చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి బయలుదేరాం. అక్క చెవుల్లో దూది, తలకు గుడ్డ, ఒళ్ళో పాప, పక్కన అమ్మ. నేను ముందు సీట్లో నాయన పక్కన కూర్చుని, ఎదురుగాలికి కళ్ళు చికిలించుకుంటూ, వెనకవాళ్ళది ఎంత అదృష్టమో అనుకున్నాను. బంగారుపాళ్యం చేరకముందే దుప్పటి అవతలనుంచి అక్క గొంతు వినిపించింది.

"అమా, తలకాయ పగిలిపోతా ఉండాది."

యాడో గాలి తగిలినట్టుందని అమ్మ గొణుక్కోవడం, పేలికల కోసం మూట విప్పుకోవడం వినిపించాయి. పాప కాసేపు ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి ఊరుకుంది. ఆ తర్వాత వెనకనుంచి ఏ సడీ లేదు. మామిడితోటలు దాటాం, ఎండ ఎక్కింది, అయినా ఎవరూ మంచినీళ్ళు అడగలేదు. నాకెందుకో దిగులేసి దుప్పటి తొలగించబోతే నాయన చెయ్యి పట్టుకున్నాడు.

"నిద్రపోనీమ్మా. ఇన్ని దినాలకు దానికి కంటినిండా నిద్ర పట్టింది."

మొగిలి కనుమ దగ్గర ఎత్తు మొదలయ్యేసరికి బండి ఆయాసపడి ఆగిపోయింది. బొగ్గుబండ్లకు అంత సత్తువ ఉండదు, కనుమ వస్తే మనుషులు దిగి నడవాల్సిందే. బాలింతను గాలిలోకి దించడమెలాగని నాయన చాలాసేపు తటపటాయించాడు. చివరికి గత్యంతరం లేక దుప్పటి తీశాడు. అమ్మ తల అక్క భుజం మీదికి వాలిపోయి ఉంది. ఇద్దరి మొహాలూ ఎర్రగా ఉన్నాయి. పిలిస్తే పలకలేదు. నాయనా నేనూ వాళ్ళను రోడ్డుపక్కకు ఈడ్చుకొచ్చి పడుకోబెట్టాం. కాసేపటికి అమ్మ భళ్ళున కక్కి కళ్ళు తెరిచింది. అక్క ఇంకెంతసేపటికో మూలిగింది. పాప మూలగలేదు.

కనుమలో గాలి సోకిందని కోలారులోనూ చిత్తూరులోనూ ఒకటే మాట అన్నారు, అది ఎలాంటి గాలో ఎవరికి తోచినట్టు వాళ్ళు చెప్పుకున్నారు. నాయన బండి అమ్మేశాడు. అక్కకు తర్వాత ఇద్దరు పిల్లలు పుట్టి బతికారు. అమ్మ మాత్రం తేరుకోలేదు. పేలికలు చాలక అక్క కాళ్ళ దగ్గర కొంచెం సందు మిగిలిపోయిందట, ఆ సంగతి అప్పటిదాకా అమ్మ ఒక్కదానికే తెలుసు.

"ఆ సందు మూసింటే బిడ్డ దక్కునే. ఆడినుంచే వచ్చింది గాలి," అని ఏ పని చేస్తున్నా ఉన్నట్టుండి అనేది.

నా పెళ్ళయిన చాన్నాళ్ళకు మా ఆయన పత్రికలో ఒక వార్త చదివి వినిపించాడు. చలికి తలుపులన్నీ మూసుకుని, గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకున్న కుటుంబం తెల్లారి లేవలేదట. బొగ్గుల విషం రంగూ వాసనా లేకుండా నిద్ర పుచ్చినట్టే పుచ్చుతుందని చెప్పాడు. ఆ రోజు నేను అన్నం ముట్టలేదు. అమ్మ బతికి ఉన్నన్నాళ్ళూ, నీ తప్పు కాదమ్మా, ఆ సందు ఉండబట్టే నువ్వూ అక్కా బతికారు అని చెప్పాలని నోటిదాకా వచ్చేది. ఆ మాట చెబితే, మిగతా సందులన్నీ మూసింది ఎవరన్న మాట దాని వెనకే వస్తుంది. మింగేసేదాన్ని.

ఇప్పుడు బాలింతలు ఫ్యాను కింద పడుకుంటున్నారు. బొగ్గులతో కార్లు నడిచేవంటే పిల్లలు నమ్మరు, మొగిలి కనుమ ఎక్కినట్టే తెలియకుండా బండ్లు పోతున్నాయి. అన్నీ మంచికే మారాయి, కాదనను. మా అమ్మ మాత్రం మూయలేకపోయిన ఆ సందునే తలుచుకుని ఏడుస్తూ పోయింది. నేను అలాగే పోనిచ్చాను.