నీలం నగర్‌లో ముక్కు చెప్పిన తీర్పు

కోడిపెంటలోని హార్మోన్లు పొలాల మీంచి వాననీటితో బావుల్లోకి, చెరువుల్లోకి చేరి చెరుపు చేసే సంగతి మీద కొంతకాలంగా రాస్తున్నాను. తడి, గాలి, వేడి అందేలా కుప్ప వేసి మాగబెడితే సూక్ష్మజీవులు వాటిని చాలావరకు విరగ్గొడతాయి. షోలాపూర్‌లో ఒక నేతింటి ఆవిడ చుట్టుపక్కల మగ్గాల దూది చెత్త కలిపి ఈ పని చేస్తోందని తెలిసి బయల్దేరాను.

హైదరాబాద్‌లో రాత్రి రైలెక్కితే తెల్లవారేసరికి షోలాపూర్. తెలుగు నేతవాళ్ళుండే నీలం నగర్‌కు ఆటో అతను నూట యాభై అడిగి నూట ఇరవైకి వచ్చాడు. అశోక్ చౌక్ దాకా మరాఠీలో మాట్లాడిన డ్రైవర్, నా ఫోన్ మాటలు విని తెలుగులోకి మారాడు. నేనొచ్చిన పని చెప్పాను.

"కోళ్ళకు సూదులిస్తరట గద సార్, గందుకేనా?"

సూది అక్కర్లేదనీ, గుడ్లు పెట్టే కోడి ఒంట్లో తయారయ్యేవే రెట్టలో వస్తాయనీ చెప్పాను.

"అయితే కోడిది తప్పంటవ్!" అని నవ్వాడు.

నేను చూడవచ్చిన లచ్చవ్వకు యాభై దాటాయి. మరమగ్గాలు అమ్మేశాక ఖాళీ అయిన పెరట్లో కుప్ప వేసింది. ఇప్పుడు ఆమెకు అదే జీవనాధారం. కుప్పలో దించిన ఇనుప చువ్వ తీసి నా చేతికిచ్చింది. వేడికి పట్టుకోలేకపోయాను. వారానికోసారి కుప్పను తిరగేయాలి. ఆ రోజు ఘాటు గల్లీ అంతా కొడుతుంది. ఈ ఎరువు కొనేది బావి పక్కన ఆకుకూరలు వేసే రైతు. ఆ బావి నీళ్ళే అతనింట్లో పిల్లాపెద్దా తాగుతారు కాబట్టి మాగిందే కావాలంటాడు.

మూడిళ్ళవతల ఆమె మరిది రాజేశం అదే కోళ్ళఫారం నుంచి తెచ్చిన పెంటను, రంగేసిన నూలు ఆరేసినట్టు, డాబా మీద పలుచగా ఆరబెట్టి అమ్ముతాడు. నాలుగెండలకు వాసన పోతుంది. అంతటితో పని అయిపోయిందంటాడు. నిజానికి ఎండితే సూక్ష్మజీవుల పనే ఆగిపోతుంది, హార్మోన్లు చాలావరకు మిగులుతాయి.

"ఏం వదినె, ఉడుకుతనే ఉన్నదా? ఎప్పుడు దించుతవు?" అన్నాడు గుమ్మంలోంచి.

"నీ లెక్క అప్పడాలు ఎండబెట్టుడు నాకు రాదు తియ్యి," అంది లచ్చవ్వ.

మధ్యాహ్నం జొన్నరొట్టె, పల్లీల కారం పెట్టింది. తింటుండగా గల్లీవాళ్ళు పదిమంది వచ్చారు. పెద్దమనిషి నిలబడే మాట్లాడాడు.

"అక్కా, నీ మీద గుస్సా లేదు. పోరగాళ్ళు అన్నం తింటలేరు, గంత వాసన గొడుతుంది. ఇయాల్నే ఎత్తెయ్యి. ఇగ మల్ల పెట్టకు."

"ఇంకో మూడు వారాలాగుండ్రి. ఇప్పుడెత్తితే కచ్చాగ పోతది, బాయిల పడతది."

"గవి మన నల్లా నీళ్ళు గావు గద!"

లచ్చవ్వ నావైపు తిరిగింది. "సార్, మీరన్న చెప్పుండ్రి."

నాకు తెలిసింది చెప్పాను. మాగబెడితే హార్మోన్లు బాగా తగ్గుతాయి, పూర్తిగా పోతాయని మాత్రం అనలేం. ఎండబెడితే ఆ మాత్రం కూడా తగ్గవు. చివరి మాట ఎవరూ వినలేదు.

"విన్నవా? పూర్తిగ పోదట! మరి గీ కంపు దేనికి?" అన్నాడు పెద్దమనిషి.

సాయంత్రం ట్రాక్టర్ వచ్చింది. సగం మాగిన కుప్పను ఊరి బయటి చెరుకు తోటకు ఎత్తారు. పారతో తీసిన చోటల్లా ఆవిరి లేచింది. ఆకుకూరల రైతుకు ఆమె ఫోన్ చేసింది. మాగింది లేకపోతే ఎండిందైనా సరేనని అతను రాజేశం నంబరు అడిగాడు. చెప్పి, ఫోన్ పెట్టేసింది.

"అబద్ధం చెప్తే ఉంచుదురేమో సార్," అంది.

రైల్లో ఆ మాట గురించే ఆలోచించాను. నేను చెప్పినదాంట్లో మార్చాల్సిన ముక్క ఒక్కటీ కనిపించలేదు. ఆ నిజంతోనే వాళ్ళు కుప్ప ఎత్తించారు. ఘాటు వచ్చే పెరడు ఖాళీ అయింది, ఘాటు లేని డాబాకు కొత్త బేరం దొరికింది. ఆ రాత్రి గల్లీలో పిల్లలు కడుపునిండా తినే ఉంటారు. బావి దగ్గరి పిల్లల గురించి అడిగేవాళ్ళు అక్కడ లేరు.

ఎరువు కొనడానికి అటు వెళ్ళేవారికి ఒక మాట. వాసన చూసి తృప్తిపడకండి. ఎండబెట్టారా, మాగబెట్టారా అని అడగండి. మాగబెట్టామంటే ఎక్కడో చూపించమనండి. నీలం నగర్‌లో మాత్రం ఇప్పుడు చూపించడానికి ఏమీ లేదు.