రాజుకు తప్పు లేని నాటకం

నైజాం పాలన చివరి రోజుల్లో నేను బేగంబజార్‌లో గిన్నెల దుకాణంలో పనిచేసేవాణ్ని. రాజాజ్ఞను ధిక్కరించి అన్న శవాన్ని పూడ్చి, ప్రాణమిచ్చిన చెల్లెలి కథ ఒక గ్రీకు నాటకం. దాని ఉర్దూ తర్జుమాను మిత్రుడు ఖాసిం, నేను కలిసి చదివి ఏడ్చాం. మొఘల్‌పురాలో ఆ నాటకం ఆడుతూ ఖాసిం రాజు వేషం కడితే, అమ్మకు కథంతా చెప్పి తీసుకెళ్లాను.

తీరా చివర్లో ఆ పిల్ల రాజు కాళ్లమీద పడి క్షమాపణ వేడుకుంది. రాజు కరుణించాడు. జనం ఒకటే చప్పట్లు!

ఒళ్లు మండి తెర వెనక్కి వెళ్లి ఖాసింను నిలదీశాను.

“ముందర జాగీర్దార్ సాబ్ కూసున్నడు. రాజుది తప్పని ఎట్లంటం భాయ్? లొల్లి చెయ్యకు” అన్నాడు.

బయట అమ్మ, “తోడబుట్టినోన్ని మట్టి జేస్తే తప్పేంది బిడ్డా? ఆ పిల్ల కాళ్లెందుకు మొక్కింది?” అంది.

జనానికి కథ తెలియదు. ఖాసింకు తెలుసు. అందుకే అతన్ని ఈనాటికీ క్షమించలేదు.