వరుసకెన్ని ముళ్లు

తాడేపల్లిగూడెం కాలేజీలో నేను సి ప్లస్ ప్లస్ చెబుతాను. ఏటా పిల్లలు తడబడేది ఒక్కచోటే. అడ్డవరుసలూ నిలువువరుసలూ ఉన్న అర్రేని, అంటే గళ్ల పట్టికని, ప్రోగ్రాములో ఒక మెథడ్ నుంచి ఇంకో మెథడ్‌కి పంపేటప్పుడు మొత్తం మోసుకెళ్లం, అది మొదలయ్యే చోటు మాత్రమే చెబుతాం. వరుసకెన్ని గళ్లో కూడా చెప్పకపోతే, అందుకున్న మెథడ్‌కి అదంతా ఒకటే పొడుగాటి దారం. ఎన్నిసార్లు చెప్పినా వినరు. నాకేమో కోపం ముక్కు మీదే ఉంటుంది.

ఆ వేసవి సెలవులకు ఏలూరు వెళ్లాను. నాన్నగారు తివాచీలు నేసిన మనిషి. అప్పటికే మతిమరుపు మొదలై, అన్నం తిన్నానా అని అమ్మను అడిగేవారు. ఆయన సొంతంగా కట్టిన కలువపూల డిజైను ఏ కాగితం మీదా లేదు, ఆయన తలలోనే ఉంది. అదీ పోకముందే పట్టుకోవాలని నాకు ఒకటే ఆరాటం.

మధ్యాహ్నాలు కొల్లేటి వైపు నుంచి గాలి మెల్లగా వచ్చేది. నాన్నగారు కళ్లు మూసుకుని, మగ్గం ముందు కూర్చున్నప్పటిలాగే వరుసగా వేసే ముళ్ల రంగులు పాడేవారు. మూడు ఎరుపు, ఒకటి తెలుపు, రెండు పచ్చ... నేను లాప్‌టాప్‌లో కొట్టుకుంటూ పోయేదాన్ని. నిద్రా మెలకువా కాని చోట ఎక్కడో ఉండేవాళ్లం ఇద్దరం. ఆ మధ్యాహ్నాలు అయిపోకూడదనిపించేది.

రంగులన్నీ అయ్యాక, వరుసకెన్ని అని అడిగి, ఆయన చెప్పిన అంకెనే బొమ్మ గీసే మెథడ్‌కి ఇచ్చాను. తెరమీద కలువలన్నీ పక్కకి జారి, గాలికి తుంగలా వాలిపోయాయి. ఆయన చూసి, తన బుర్ర పాడైపోయిందని, ఇంక తనను అడగొద్దని అన్నారు. నాకు ఏడుపొచ్చింది.

ప్రోగ్రామంతా వెతికేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. తప్పు దొరకలేదు. విసుగ్గా తలదించితే కాళ్లకింద ఆయన నేసిన పాత తివాచీ. దానికి రెండు పక్కలా రంగు ముడి వేయని అంచు పోగు ఒక్కోటి కనిపించింది.

"నాన్నగారూ, అంచులు కూడా కలిపి చెప్పారా అండీ?"

"అంచు లేకుండా వరుస ఎలా అవుద్దమ్మా?"

రంగులు పాడేటప్పుడు అంచుల ఊసెత్తని మనిషి, లెక్కలో మాత్రం కలిపేశారు. రెండు తగ్గించాను. కలువలన్నీ నిటారుగా నిలబడ్డాయి. ఒక్క ముడి తప్పలేదు, ఆయనకు అంతా గుర్తుంది. సంతోషం పట్టలేక లాప్‌టాప్ తీసి ఆయన ఒళ్లో పెట్టాను.

ఆయన వేలితో రేకులు తడుముతూ నవ్వారు.

"చాలా బాగుందండీ. ఇంతకీ మీరు ఎవరి అమ్మాయండీ?"

మీ అమ్మాయినేనని చెప్పి, మొదటి వరుస ఇంకోసారి చెప్పమన్నాను. ఆయన కళ్లు మూసుకుని పాట అందుకున్నారు.